వైనతేయ వంతెనమీద

ఈ యేటి సంక్రాంతి సెలవులలో మేము రాజోలునందున్న మా చెల్లెలి యింటికి బోయితిమి. మావారు బడిపంతులు గనుక సెలవులు వచ్చిననే గాని మాకు ప్రయాణములు లేవు. రావులపాలెమువద్ద గౌతమిని దాటినది మొదలు కోనసీమ కన్నులకు చల్లదనము గొల్పుచు నెదురైనది. కొత్తపేట గడచి అంబాజీపేట చేరునప్పటికి త్రోవ కిరువైపులను కొబ్బరితోటలే. ఒలిచిన కాయల రాసులు, డొక్కల గుట్టలు. అమలాపురముమీదుగా బోయి, బోడసకుఱ్ఱు-పాశర్లపూడి వంతెనమీద వైనతేయపాయను దాటి, ప్రొద్దు గ్రుంకువేళకు రాజోలు చేరితిమి.

మఱునాటి యుదయమున ఇంటిల్లిపాదియు పిండివంటల పనిలో నుండగా పెరటిలో కేక వినవచ్చినది. మా చెల్లెలి కుమారుడు, ఎనిమిదేండ్లవాడు, మెడకు ఎఱ్ఱతువ్వాలు ముడివైచుకొని, గడ్డిమేటు నెక్కి, చేతులు చాచి క్రిందికి దూకెను. పాదము వాచినది. "సూపర్‌మాన్ ఎగురుతాడుగా!" యని వాని యేడ్పు. మఱది కోపమున టెలివిజను తీగ పెఱికివేసెను. చెల్లెలు "నా పెంపకమే యింత" యని కంట నీరు పెట్టుకొన్నది. ఆ మాట మా మనస్సున ములుకువలె నాటినది.

తప్పంతయు ఆ పెట్టెదేనా? మా బాల్యమున, 1997లో, దూరదర్శనమున శక్తిమాన్ ఆరంభమైనప్పుడు మేమును ముంగిట గిరగిర తిరిగి తూలిపడినవారమే.

వైద్యునకు జూపుటకై వానిని ఆటోలో అమలాపురము తీసికొనిపోవలసివచ్చినది. దారిలో నొప్పి మఱపించుటకు మేము వాని వీరుని కథనే యెత్తుకొంటిమి. 1938లో అమెరికాయందు జెర్రీ సీగెల్ వ్రాయగా, జో షుస్టర్ గీయగా, సూపర్‌మాను బొమ్మలపుస్తకమున పుట్టెను. "మొదట్లో వాడికి ఎగరడమే రాదురా, దూకడం మాత్రమే వచ్చు" నంటిమి.

"నేనూ దూకానుగా పెద్దమ్మా!" అనెను వాడు. మాకు నవ్వాగలేదు.

పిమ్మట 1952లో ఆ కథ టెలివిజను ధారావాహిక యైనప్పుడు, జార్జి రీవ్స్ అను నటుని మొదట తీగలతో వ్రేలాడదీసిరి. తరువాత స్ప్రింగుబల్లమీదనుండి పైకెగయించి చిత్రము తీసిరి. నేటివారు నటుని త్రాళ్ళతో గట్టి, పచ్చని తెరముందు వ్రేలాడదీసి, పిదప కంప్యూటరుతో త్రాళ్ళను చెఱిపి ఆకాశమును చేర్చుదురు. "అయితే తాడు కట్టుకుంటారా?" యని వాడు కన్నులు తుడుచుకొని యడిగెను. తీగ పెఱికినప్పుడు కలుగని తెలివి ఈ యొక్క మాటతో కలిగినది.

ఆ వీరుని యౌవనమునే కథగా గొని స్మాల్‌విల్ అను ధారావాహిక 2001 మొదలు 2011 వఱకు నడచినది. మొత్తము 217 భాగములు. బిగుతు దుస్తులును, ఎగురుటయు వలదని దానిని తీసినవారు తొలుతనే నియమము చేసికొనిరి. ఆ ఎఱ్ఱవస్త్రముతో వీరుడు మింటి కెగయుట కడపటి భాగమున గాని లేదు. కథకు పునాది యేమనగా, పొలము చేసికొని బ్రదుకు పెంపుడు తల్లిదండ్రులు, మార్తా, జోనాథను కెంటులు, బలముగల బిడ్డకు చేయి యెప్పుడు చాపవలయునో, ఎప్పుడు ముడుచుకొనవలయునో నేర్పుట. ఎగురుట ఒక గడియపని. దానికి ముందు పెంపకము పదేండ్లు!

ఇంతలో ఆటో వంతెన నెక్కినది. వినత కొడుకు గనుక గరుత్మంతుడు వైనతేయుడు. ఆ పేరే ఈ పాయకును గలదు. చిన్ననాట మా తండ్రిగారు ఇంటనే చెప్పిన ఆదిపర్వము జ్ఞప్తికి వచ్చినది. వినత తొందరపడి మొదటి గ్రుడ్డును చిదుపగా తొడలులేని అనూరుడు పుట్టెను. రెండవదానిని అయిదువందల యేండ్లు ఓర్పుతో కాచుకొన్నందున ఱెక్కలు పండిన గరుడుడు పుట్టెను. అతడు స్వర్గమున కెగిరి అమృతము తెచ్చినది తాను త్రావుటకు గాదు, తల్లి దాస్యము దీర్చుటకు. ఈ కథ చెప్పి, "నువ్వూ తొందరపడ్డావురా నాయనా" యంటిమి.

వాడు నీళ్ళవంక చాలసేపు చూచి, "అమ్మకి కోపం పోయిందా పెద్దమ్మా?" యని యడిగెను.

ఎముక విఱుగలేదు, బెణుకు మాత్రమేయని చెప్పి వైద్యుడు కట్టు కట్టెను. ఆ రాత్రి మఱదియే తీగను మరల తగిలించెను. చెల్లెలు పని చాలించుకొని, మొదటిసారి కొడుకు ప్రక్కన గూర్చుండి వాని ధారావాహిక చూచినది. వీరుడు మేఘములలో పోవుచుండగా "తాడేదిరా?" యని యడిగినది. "చెరిపేశారమ్మా!" యని వాడు పెద్దవానివలె సమాధానము చెప్పెను. ఎఱ్ఱతువ్వాలు వాని కాలిక్రింద మడతపెట్టి యుండెను.

సోదరీమణులారా! మన పెద్దలు మనకు పురాణములు చెప్పినప్పుడు ప్రక్కన గూర్చుండి చెప్పిరి; నడుమ మన సందేహములు దీర్చిరి. ఈ క్రొత్తకథలకును కావలసినది అంతమాత్రమే. పెట్టెను కట్టివేయుట సులభము. బిడ్డ ప్రక్కన ఒక గడియ కూర్చుండుట కష్టము. అయినను ఆ రెండవదానినే చేయుదము.