పలక బాకీ

పిల్లలూ! బాకీ అంటే డబ్బు బాకీయే అనుకుంటారు మీరు. నేను ఒక పిల్లవాడికి పలక బాకీ పడ్డాను. అది తీర్చడానికి నాకు నలభైఆరేళ్ళు దాటింది! ప్రధానోపాధ్యాయుడిగా పనిచేసి రిటైరైనవాణ్ణి, ఈ సంగతి చెప్పుకోవటానికి సిగ్గుగానే ఉంది. అయినా వినండి.

కృష్ణానది పులిగడ్డ దగ్గర రెండు పాయలుగా చీలి, సముద్రంలో కలుస్తుంది. ఆ పాయల నడుమ ఉన్న నేలే దివిసీమ. 1977 నవంబరు 19న అక్కడ ఉప్పెన వచ్చింది. తుపానుగాలి సముద్రపు నీటిని ఒడ్డుకు తోస్తుంది. తీరాన లోతు తక్కువైతే, ఆ నీరు పోయే చోటు లేక పైకి లేస్తుంది. ఆనాడు అయిదారు మీటర్ల ఎత్తున లేచి ఊళ్ళమీద పడింది. వేలమంది చనిపోయారు.

అప్పుడు నేను ఉపాధ్యాయ శిక్షణలో ఉన్నాను. ఒక మిషన్ వారి సేవాదళంతో వెళ్ళి, అక్కడ నెలరోజులున్నాను. బావులు బాగుచేయటం మా పని. ఉప్పునీరు తోడిపోసి, బురద ఎత్తి, బ్లీచింగు పొడి చల్లేవాళ్ళం. మర్నాటికి ఊరిన నీరు మళ్ళీ ఉప్పగానే ఉండేది. మళ్ళీ తోడేవాళ్ళం.

రాత్రిళ్ళు ఒక జాలరి కుటుంబంవారి పాకలో పడుకునేవాణ్ణి. ఆ ఇల్లాలిని పెద్దమ్మా అని పిలిచేవాణ్ణి. ఆమె పిల్లలిద్దరిని ఉప్పెన తీసుకుపోయింది. తాటిచెట్టు పట్టుకుని ఆమె, భర్త, ఏడేళ్ళ చిన్నకొడుకు బతికారు. పంచిన బియ్యంతో గంజి కాచి, మొదటి గిన్నె నాకే ఇచ్చేది. "మాకోసం వచ్చిన బిడ్డవు, తాగు నాయనా," అనేది.

ఆ పిల్లవాడు మాట్లాడటం మానేశాడు. నేను ఇసుకలో "అ" రాసి చూపేవాణ్ణి. మూడోరోజున వాడు దాని పక్కన "ఆ" రాశాడు! నేను తిరిగి వచ్చేసే రోజున నా చెయ్యి పట్టుకుని, "మాస్టారూ, నాకు పలక తెస్తారా?" అన్నాడు.

"సంక్రాంతికి తెస్తాను," అన్నాను.

వెళ్ళలేదు. పరీక్షలు, ఉద్యోగం, బదిలీలు. మొదట తీరిక లేకపోయింది. తరవాత మొహం చెల్లలేదు.

చివరకు 2024 నవంబరులో ఒక పలక కొనుక్కుని బయలుదేరాను. అడుగుతూ అడుగుతూ ఇల్లు చేరాను. అరుగుమీద కూచున్న ముసలమ్మ నన్ను చాలాసేపు చూసి, "బావుల పంతులువి కదూ?" అన్నది. పెద్దమ్మే! పెదనాన్న మాత్రం లేడు, పోయి చాలా ఏళ్ళయిందట.

తల నెరిసిన కొడుకు లోపలినుంచి వచ్చాడు. పలక చూసి నవ్వాడు. "ఆ సంక్రాంతికి మూడురోజులు రోడ్డుమీద కూచున్నాను మాస్టారూ," అన్నాడు. నేను తల ఎత్తలేకపోయాను.

"కూచుంటే కూచున్నాడులే. వాడి నోట మాట రప్పించావు. పలకదేముంది?" అన్నది పెద్దమ్మ.

1990 మేలో మళ్ళీ పెద్ద తుపాను వచ్చింది. రేడియో చెప్పిన హెచ్చరికను అతను బొగ్గుతో బడిగోడమీద పెద్ద అక్షరాలతో రాశాడట. సామానుకోసం ఆగినవారిని ఇల్లిల్లూ తిరిగి బయలుదేరదీశాడట. ఆసారి కోస్తాలో లక్షలమందిని ముందుగానే తరలించారు. అందుచేత చనిపోయినవారు వెయ్యికి లోపే.

పలకను అతను మనమరాలి చేతికిచ్చాడు. ఆ పిల్ల నా ఎదురుగా కూచుని "అ" రాసి చూపింది.

పిల్లలూ! మాట ఇస్తే వేళకు నిలుపుకోండి. ఒకవేళ తప్పితే, సిగ్గుపడి దాక్కోకండి. ఆలస్యమైనా వెళ్ళండి. ఇది మీ నాన్నగారికీ, అమ్మగారికీ కూడా చదివి వినిపించండి. నేను పోగొట్టుకున్నన్ని ఏళ్ళు వారు పోగొట్టుకోకూడదు.