కామ్ కార్నర్‌లో పక్కన ఎవరు కూర్చుంటారు?

మా వాడు రెండో తరగతి. హైదరాబాదులో ఓ మోస్తరు పేరున్న బళ్ళో చదువుతున్నాడు. అడ్మిషన్ కోసం వెళ్ళినప్పుడు స్కూలంతా తిప్పి చూపించారు. లైబ్రరీ పక్కన ఒక చిన్న గది. లేత నీలం గోడలు, నేలంతా మెత్తటి పరుపులు, రెండు బీన్ బ్యాగులు, బుడగలు పైకి పోతుండే నీళ్ళ గొట్టం. "ఇది మా కామ్ కార్నర్ సర్. పిల్లలకి కోపమొచ్చినా, ఏడుపొచ్చినా ఇక్కడికి పంపిస్తాం. కాసేపట్లో వాళ్ళే సర్దుకుంటారు" అన్నారు. నేనైతే అక్కడే పడిపోయా. జహీరాబాద్ బళ్ళో చదువుకున్నప్పుడు మాకు తెలిసిన కార్నర్ ఒక్కటే, గోడకుర్చీ వేసే మూల :)

ఒక శనివారం ఇంట్లో కూర్చుని క్లయింటు కాల్‌లో ఉన్నా. మావాడు ఏదో రబ్బరు కనపడటంలేదని ఇల్లు అదిరిపోయేలా ఏడుస్తున్నాడు. ఐదు రూపాయల రబ్బరు! కాల్ మ్యూట్‌లో పెట్టి, "నీ గదిలోకి పో. ఏడుపు ఆపాకే బయటికి రా" అన్నా. వాడు టక్కున నోరు మూసేశాడు. తర్వాత మెల్లగా, "నాన్నా, కార్నర్‌కి పంపకు. ఇంక ఏడవను" అన్నాడు.

కాల్‌లో అవతలివాళ్ళు ఏం మాట్లాడారో తర్వాత ఒక్క ముక్క గుర్తులేదు.

సంక్రాంతికి ఊరెళ్ళాం. అప్పటికి రబ్బరు గొడవ అందరం మర్చిపోయామనుకున్నా. ఓ మధ్యాహ్నం మళ్ళీ అలాంటిదే ఇంకేదో చిన్న విషయానికి మొదలెట్టాడు. నేను లేవబోతుంటే మా అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. ముందర చాటలో కంది కాయలు పోసుకుని ఒలుస్తోంది. "ఇట్ల రా బిడ్డా. ఇవి ఒల్వు నాతోని" అని ఓ గుప్పెడు కాయలు వాడి ముందు పోసింది. అంతే. ఎందుకేడుస్తున్నావని అడగలేదు, ఏడవకనీ అనలేదు. వాడు ఎక్కిళ్ళు పెడుతూనే ఒలవడం మొదలుపెట్టాడు. ఓ అరగంటయ్యాక, ఎవరూ అడక్కుండానే చెప్పాడు. క్లాసులో వాడికున్న ఒక్క ఫ్రెండు దసరా సెలవుల తర్వాత బడికి రాలేదట. వాళ్ళ నాన్నకి పుణెకి ట్రాన్స్‌ఫర్ అయిందట. ఆ రబ్బరు వాడిచ్చిందట.

బడిలో తెలీదు, ఇంట్లో తెలీదు. మూడు నెలలు వాడొక్కడే మోశాడు. రాత్రి మా అమ్మ నాతో ఒకటే మాటంది. "ఏడుస్తున్న పిల్లగాన్ని గదిలకు పంపుడేందిరా? నిన్ను నేనెన్నడన్న పంపిన్నా?"

మన భాషలో చెప్పాలంటే, నేను రాసింది ఖాళీ క్యాచ్ బ్లాక్. ఎక్సెప్షన్ వచ్చింది, పట్టుకున్నాం, లోపల ఏమీ రాయలేదు. ప్రోగ్రాం ఆగదు, తెర మీద ఎర్ర అక్షరాలు రావు. బగ్ మాత్రం ఎక్కడిదక్కడే. కోడ్ రివ్యూలో జూనియర్ కుర్రాడు అలా రాస్తే అరగంట క్లాసు పీకుతాం. ఇంట్లో మాత్రం అదే రాసి, "ఏడుపు ఆపేశాడు కదా" అని సంతోషిస్తాం.

నిజానికి ఇలాంటి ఆలోచన ముందుతరం వాళ్ళకి వచ్చినప్పుడు అది గది గురించి కాదు. 1969లో లండన్‌లో మార్జరీ బాక్సాల్ అనే సైకాలజిస్టు 'నర్చర్ గ్రూపులు' మొదలుపెట్టింది. క్లాసులో ఇమడలేక గొడవ చేసే, లేకపోతే పూర్తిగా ముడుచుకుపోయే చిన్నపిల్లలు పది పన్నెండు మంది. వాళ్ళతో ఇద్దరు పెద్దవాళ్ళు. గదిలో సోఫా ఉండేది, భోజనాల బల్ల ఉండేది. అందరూ కలిసి టిఫిన్ చేసేవాళ్ళు. కాస్త కుదుటపడ్డాక పిల్లలు తమ క్లాసుకి వెళ్ళిపోవాలన్నది ఉద్దేశం. ఆ ఏర్పాటుకి ప్రాణం సోఫా కాదు, ఎప్పుడూ మారకుండా ఉండే ఆ ఇద్దరు మనుషులు. చిన్నపిల్లలకి తమంతట తాము శాంతించడం పుట్టుకతో రాదు. ముందు ఒక పెద్దమనిషి పక్కన కూర్చుని శాంతిస్తారు, అలా ఎన్నోసార్లు జరిగాక ఒంటరిగా చేతనవుతుంది. మనం రెండోది ముందు అడుగుతున్నాం.

అంత దూరం ఎందుకు, మా జహీరాబాద్ దగ్గరే ఒకటుంది. 1983 నుంచి ఈ ప్రాంతంలో దళిత మహిళా రైతుల సంఘాలతో పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పేరు వినే ఉంటారు. మాచనూరులో సంఘం రేడియో (2008) వాళ్ళదే. అదే మాచనూరులో 1990లలో వాళ్ళు 'పచ్చసాలె' అని ఒక బడి పెట్టారు. కూలికీ పశువుల వెంటా పోయే పిల్లల కోసం. మామూలు పాఠాలతో పాటు వ్యవసాయం, కుండలు చెయ్యడం, వడ్రంగం, కుట్టుపని, పుస్తకాల బైండింగు లాంటివి నేర్పే బడి. దాన్ని ఎవరూ థెరపీ అనలేదు, జీవనోపాధి అన్నారు. కానీ ఆ ఏర్పాటు గురించి ఆలోచిస్తే నాకు మా అమ్మ చాటే గుర్తొస్తుంది. చేతుల్లో మట్టి, పక్కన పని తెలిసిన ఒక పెద్ద మనిషి, మాట్లాడాలనే బలవంతం లేదు. పైగా పేదింటి పిల్లాడికి తన ఇంటి పని, తన యాస బడిలో సిగ్గుపడాల్సినవి కావు అని తెలియడం కన్నా పెద్ద ఊరట ఏముంటుంది?

'రైలుబడి' మనలో చాలామంది చదివే ఉంటారు. జపాన్ రచయిత్రి టెట్సుకో కురొయనగి తన చిన్నప్పటి బడి గురించి 1981లో రాసిన పుస్తకం. వేరే బడి వెళ్ళగొట్టిన పిల్లని కూర్చోబెట్టుకుని కొబయాషి మాస్టారు చేసిన మొదటి పని, నాలుగు గంటలపాటు ఆ పిల్ల చెప్పింది వినడం. అందరికీ రైలు పెట్టెలు గుర్తుంటాయి. నాకూ మొన్నటిదాకా అవే గుర్తున్నాయి.

"సరే బాబూ, ఇద్దరు టీచర్లు ఐదు తరగతులు లాక్కొచ్చే సర్కారు బళ్ళో నాలుగు గంటలు ఎవరు వింటారు?" అంటారా? న్యాయమైన ప్రశ్నే. విద్యాహక్కు చట్టం లెక్క ప్రకారమే అరవై మంది పిల్లలదాకా ప్రైమరీ బడికి ఇద్దరు టీచర్లు. వాళ్ళని తప్పుపట్టే అర్హత నాకు లేదు, ఒక్క పిల్లాడు ఏడిస్తేనే గదిలోకి తోసినవాణ్ణి. కానీ నీలం గదికి డబ్బు కావాలిగానీ, చెట్టుకింద ఓ చాపకీ కాస్త మట్టిముద్దకీ పెద్దగా అక్కర్లేదు. ఆ చాప టీచరు కంటికి ఆనేంత దగ్గర్లో ఉంటే చాలు. పిల్లాడు తనంతట తాను వెళ్ళి కూర్చోవచ్చు, పంపడం మాత్రం ఉండకూడదు. అదే చట్టంలోని 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, మానసిక వేధింపునీ నిషేధించింది. గోడకుర్చీకి నీలం రంగేసి, పరుపు పరిచి మళ్ళీ తెచ్చుకోవద్దు.

అన్నట్టు, అన్నిటికీ కంది కాయలే మందని నేననట్లేదు. పిల్లలు వారాల తరబడి తిండి, నిద్ర, ఆట మానేస్తుంటే నిపుణుల దగ్గరికి వెళ్ళాల్సిందే. 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ నంబరు 14416 ఫోన్‌లో దాచుకోండి.

ఊర్నించి వచ్చాక బడికెళ్ళి క్లాస్ టీచరుతో మాట్లాడా. కాదనలేదు ఆవిడ, నిజం చెప్పింది. "ముప్ఫై ఎనిమిది మంది సర్. ఒకరి పక్కన కూర్చుంటే మిగతావాళ్ళని ఎవరు చూడాలి?" అంది. ఆ ప్రశ్న ఆవిడ నన్ను కాదు, మేనేజ్‌మెంటుని అడగాలి. మనం కూడా అడగాలి. ఫీజులు కట్టేది మనమే కదా. ఈసారి పేరెంట్స్ మీటింగులో గదినీ, గోడల రంగునీ చూసి నాలాగా పడిపోకండి. అక్కడ ఏడ్చే పిల్లాడి పక్కన ఎవరు కూర్చుంటారో అడగండి.

మావాడి ఫ్రెండు వాళ్ళ నాన్న నంబరు దొరికింది. ఆదివారాలు వీడియో కాల్‌లో ఇద్దరూ గంట సేపు అరుచుకుంటున్నారు. ఆ గంట నేను ఏ మీటింగూ పెట్టుకోవట్లేదు. రబ్బరు మాత్రం ఇంకా దొరకలేదు.