సంగీత్ నుంచి ప్యారడైజ్ దాకా

సికింద్రాబాద్‌లో సరోజినీ దేవి రోడ్డంటే ఎవరూ తల తిప్పరు. ఎస్.డి. రోడ్ అంటేనే ఆటో ఆగుతుంది. మ్యాపు ఏం చెప్పినా, నా లెక్కలో ఈ రోడ్డు పుట్టేది సంగీత్ చౌరస్తాలో. ఇంగ్లీషు సినిమాలకు పేరుమోసిన ఆ థియేటర్‌ను కూల్చి ఏళ్లయినా చౌరస్తా మాత్రం పేరు వదల్లేదు. మ్యాట్నీ వదలగానే కాలేజీ కుర్రాళ్ల కాళ్లు పాటల దుకాణాల వైపు లాగేవి. 1806లో కంటోన్మెంటుగా మొదలైన ఊరు కదా, పటాలాలూ ఆంగ్లో ఇండియన్ రైల్వే కుటుంబాలూ ఇంగ్లీషు పాటను ముందే అలవాటు చేశాయి.

సెయింట్ మేరీస్ చర్చి, పక్కనే బడులు, ఆ తర్వాత క్లాక్ టవర్. ఇక్కడ ఆగనక్కర్లేదు. ప్యాట్నీ దగ్గర మహబూబ్ కాలేజీ ఉంది. 1862 నాటి సంస్థ, 1893 ఫిబ్రవరిలో వివేకానందుడు ప్రసంగించిన చోటు.

ఈ రోడ్డు పాటల దుకాణాల్లో గ్రామఫోను రికార్డులు విద్యార్థుల సరుకు కాదు. 78 ఆర్‌పీఎం రికార్డు ఒక వైపు మూడు నిమిషాల పైచిలుకు మాత్రమే పలికేది. ఘంటసాల ‘పుష్పవిలాపం’ వినాలంటే మధ్యలో లేచి తిప్పి వేయాల్సిందే. ఎల్పీలు వచ్చాక ఆ బాధ తప్పినా, ప్లేయరు కొనడం అందరి తరమా? పాటను హాస్టల్ గదికి చేర్చింది క్యాసెట్. 1980లలో దాని చుట్టూ పుట్టినవే, అడిగిన పాటలు ఎక్కించిచ్చే రికార్డింగ్ సెంటర్లు.

పద్ధతి ఇదీ. నోటుపుస్తకంలోంచి చింపిన కాగితం మీద పాటల పట్టీ రాసుకెళ్లాలి. సినిమా పేరు తెలియకపోతే పల్లవి కూనిరాగం తీయాలి. ఖాళీ క్యాసెట్ దగ్గర కొట్టాయనతో బేరం మొదలయ్యేది. ‘తమ్ముడూ, తొంభై వద్దు. రీలు పల్చగుంటది, ప్లేయర్ల చుట్టుకుంటది. అరవై తీస్కో.’ అది అమ్మకం మాట కాదు, నిజమే. అరవై నిమిషాల క్యాసెట్‌లో ఒక్కో వైపు నాలుగు నిమిషాల పాటలు ఏడు పడితే, చివర రెండు నిమిషాల రీలు మిగిలేది. ‘ఏమన్నా ఎక్కియ్యాల్నా?’ అనేవాడు. నీ ఇష్టం అన్నా అంటే తనకు నచ్చిన ముక్క ఏదో ఎక్కించేవాడు. గదికెళ్లి వింటే, మనం అడిగిన ఏడు పాటలకన్నా ఆ ఎవరిదో తెలియని ముక్కే పట్టుకునేది. మర్నాడు దాని ఆరా తీయడానికి మళ్లీ అదే కౌంటరు. ఆ కొట్లలో సరుకు క్యాసెట్ కాదు, ఆయన చెవి.

కాకపోతే అది దొంగ సరుకే. ఎల్పీ ఒకటి కొని వందమందికి కాపీ కొట్టివ్వడం గాయకుడికి పైసా మిగిల్చే పని కాదు. 1984లో కాపీరైట్ చట్టాన్ని సవరించి శిక్షలు పెంచారు. రోడ్డు మీద దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. టీ-సిరీస్ తరహా చవక క్యాసెట్లు చట్టంకన్నా ఎక్కువగా ఈ వ్యాపారాన్ని కుదిపాయి.

అసలు దెబ్బ ఈ దారిలోనే కాస్త ముందుంది. స్వప్నలోక్ దాటి పార్క్ లేన్ వైపు మళ్లితే చెనోయ్ ట్రేడ్ సెంటర్, కంప్యూటర్ల సంత. అక్కడ సీడీ రైటర్ బిగించుకున్న కుర్రాడికి రికార్డింగ్ సెంటరుతో పనేముంది? 700 ఎంబీ సీడీలో ఎంపీత్రీ పాటలు నూటయాభై దాకా పట్టేవి. కాపీతో బతికిన కొట్లను కాపీయే ముంచింది. పాపం అని నేననను. అసలు సరుకమ్మిన పెద్దలే నిలవలేదు: కోల్‌కతా పార్క్ స్ట్రీట్‌లోని మ్యూజిక్ వరల్డ్ 2013లో మూతపడింది.

ఇక ప్యారడైజ్. 1953లో టాకీసు పక్కన చిన్న కేఫ్‌గా మొదలైన ఆ హోటల్ ఇప్పుడు ఊరంతటికీ గుర్తు, నెత్తిన మెట్రో. ఎల్పీలు కావాలంటే ఇక్కడ కాదు, మూసీ దాటకముందే జుమ్మేరాత్ బజార్ పాత సామాన్ల సంతలో వెతకాలి. రికార్డును ఎండకు ఏటవాలుగా పట్టి చూడండి. గీత గోటికి తగిలితే ఎంత తగ్గించినా వద్దు. అట్ట మీద శంకరాభరణం ఉన్నా, లోపల ఏముందో తీసి చూసుకున్నాకే డబ్బులివ్వండి.