ఫ్లాట్ బుష్‌లో మన కొండ ఏది?

ఆక్లండ్ నగరానికి ఆగ్నేయంగా ఉన్న ఫ్లాట్ బుష్‌లో మేము కాపురం పెట్టి ఆరేళ్ళయింది. ఈ ఊరి గురించి నాలుగు ముక్కలు వ్రాయమని సంపాదకులు ఎప్పటినుంచో అడుగుతున్నారు. చూడవలసిన వింతలేవీ లేని ఊరు కదా అని ఇన్నాళ్ళూ వాయిదా వేస్తూ వచ్చాము.

పేరుకు చదునైన అడవి. అడవి అనదగినది ఇప్పుడు మర్ఫీస్ బుష్ అనే తోపులో కొంత మిగిలింది. తెల్లవాళ్ళు వచ్చాక అడవి పోయి పచ్చిక బయళ్ళు, పశువులు వచ్చాయి. సుమారు 2000 దాకా ఇవి పొలాలే. అప్పటి మనుకౌ నగరపాలక సంస్థ ముందుగా కాగితం మీద గీసుకుని కట్టించిన పట్టణం ఇది. 2010లో ఆ మనుకౌ కూడా ఆక్లండ్ మహానగరంలో కలిసిపోయింది. మనుకౌకు 1983 నుంచి 2007 వరకు మేయరుగా ఉన్న బారీ కర్టిస్ గారి పేర ఇక్కడ 94 హెక్టార్ల పార్కు ఉన్నది. మన లెక్కలో 230 ఎకరాల పైమాటే. పక్కనే చైనా పద్ధతిలో కట్టిన ఫో గువాంగ్ షాన్ బౌద్ధాలయం. ఇక ఇళ్ళంటారా, అన్నీ కవలపిల్లలే. మొదటి నెలలో పక్కవాళ్ళ గరాజు ముందు కారు ఆపిన తెలుగువారు మాకు ఇద్దరు ముగ్గురు తెలుసు.

సాయంత్రం పార్కుకు వెళితే ఆరు నెలల వీసా మీద వచ్చిన అమ్మమ్మలు, తాతయ్యలు కనిపిస్తారు. నీటి గుంటల దగ్గర పుకెకోలు తిరుగుతూ ఉంటాయి. మన చెరువుల్లోని నీలి నీటికోడికి దగ్గరి చుట్టాలవి. పెద్దవాళ్ళు తెలుగు మాట వినబడితే చాలు ఆగి, "మీదే ఊరు? ఎవరి తాలూకు?" అంటారు. మన పేరు అడిగేది ఆ తరువాతే, అదీ గుర్తుంటే.

ఇదే ప్రశ్న ఇక్కడి బడిలోనూ అడుగుతారని మాకు తెలియదు. తొమ్మిదేళ్ళ మా పెద్దమ్మాయి ఒకనాడు పెపెహా తయారు చేసుకోవాలంటూ కాగితం తెచ్చింది. మౌరీలు తమను తాము పరిచయం చేసుకునే పద్ధతి అది. ముందు కొండ పేరు, తరువాత నది పేరు, తమ పూర్వులు వచ్చిన పడవ పేరు, తెగ పేరు. తన పేరు చిట్టచివర. మౌరీలు కానివారు ఆ కొండ తమదని చెప్పుకోకుండా, దాని నీడన పెరిగామని చెప్పడం మర్యాద అంటున్నారు.

మరి ఫ్లాట్ బుష్ పిల్ల ఏ కొండ చెప్పాలి? పక్కనున్న ఈస్ట్ తామాకీలో మాతంగినుయి అనే చిన్న అగ్నిపర్వతం ఉండేది. తెల్లవాళ్ళు గ్రీన్‌మౌంట్ అన్నారు. రాతి కోసం దాన్ని తవ్వి తవ్వి, గోతిని చెత్తతో నింపారు. మనం కార్లు నడిపే రోడ్ల కింద ఆ కొండ రాయి కొంత ఉండకపోదు.

తాతగారికి ఫోను చేశాము. మాలో ఒకరిది తెనాలి పక్క పల్లె, మరొకరిది భద్రాచలం దగ్గర. తెనాలి వైపు కొండ కావాలంటే మంగళగిరి దాకా పోవాలి. "మనది డెల్టా, కొండెక్కడిదే తల్లీ! ఇంటిపేరు చెప్పు, చాలు" అన్నారాయన. నిజమే. మన ఇంటిపేర్లలో సగం ఊళ్ళ పేర్లే: కొండవీటి, తాడేపల్లి, వేములపల్లి. ఊరు విడిచి నాలుగు తరాలైనా ఊరు మనల్ని విడవదు. ఇక్కడ తిరగేసి ఉంది. మనుషుల ఇంటిపేర్లు రోడ్లకెక్కాయి: మర్ఫీ, థామస్, మెక్వాయిడ్. ఆ మాటకొస్తే సత్యనారాయణ వ్రతంలో సంకల్పం చెప్పించేటప్పుడు శ్రీశైలానికి ఏ దిక్కున, ఏ నదుల నడుమ కూర్చున్నామో పురోహితుడు చెప్పించడం లేదూ? కొండా, నదీ అందులోనూ ఉన్నాయి. మా యింట వ్రతం జరిగినప్పుడు మాత్రం ఆయన అక్కడ ఒక్క క్షణం ఆగి, గొంతు సవరించుకుని ముందుకు సాగిపోయారు.

ఒక్క సంగతి మాకు తట్టింది. పెపెహాలో పెద్దయ్యాక ఏమవుతావన్న ప్రశ్న లేదు. మన యింట అది లేని రోజు లేదు. మా సంగతే చెప్పుకోవాలంటే, తాతగారి తమ్ముణ్ణి వరిచేలో పాము కరిస్తే ఎడ్లబండి మీద తెనాలి తీసుకువెళుతుండగా దారిలోనే పోయారట. ఇంటికొక డాక్టరుండాలని ఆనాడే నిర్ణయమైపోయింది. డాక్టరు కావలసినవారు పుట్టడానికి ఇంకా పాతికేళ్ళు ఉంది! ఆ నిర్ణయమే బై.పి.సి. అయింది, ఎంసెట్ అయింది, గుంటూరు మెడికల్ కాలేజీ అయింది. ఆ చదువుతో మేము వచ్చి పడినది నేల మీద పాములే లేని దేశంలో.

దీన్ని నిష్ఠూరంగా అనడం లేదు. ఇక్కడి పరీక్షలు మళ్ళీ వ్రాయవలసి వచ్చినప్పుడు, రాత్రి ఉద్యోగం చేసి వచ్చి పుస్తకం తెరిపించినది ఆ ఎడ్లబండే. పిల్లల్ని వాళ్ళ ఇష్టానికి వదిలేయాలనే ఉపన్యాసం మా చేత కాదు.

బాల్యం మనిషిని ఎంత దూరం వెంటాడుతుందో లెక్క కట్టి చూపినది కూడా ఈ దేశమే. దక్షిణాన డునెడిన్‌లో 1972-73లో పుట్టిన 1037 మంది పిల్లలను మూడో ఏటి నుంచి పరీక్షిస్తూ, నలభై అయిదో ఏట కూడా, బ్రతికి ఉన్నవారిలో నూటికి 94 మందిని మళ్ళీ పిలిపించి చూశారు. పేద ఇంట పెరిగినవారు తరువాత పైకి వచ్చినా, ఇరవై ఆరో ఏట పళ్ళూ గుండె ఆరోగ్యమూ తక్కువగానే ఉన్నాయని 2002లో వ్రాశారు. చిన్ననాటి నిగ్రహాన్ని బట్టి ముప్ఫై రెండో ఏటి ఆరోగ్యమూ, డబ్బు వ్యవహారమూ కొంతవరకు ఊహించవచ్చునని 2011లో వ్రాశారు. నిగ్రహం పెరిగిన పిల్లలు బాగుపడ్డారనీ అన్నారు. మార్కుల జాబితా పట్టుకు తిరిగే మనవాళ్ళు ఈ సంగతి ఒకసారి చదివితే బాగుండును.

వైద్యులంగా మేము రోజూ చూసేది ఇంకొకటి ఉంది. గొంతు నొప్పితో మొదలై గుండె కవాటాలను పాడుచేసే రుమాటిక్ జ్వరం. గుంటూరు వార్డుల్లో చదువుకున్నది, ధనిక దేశంలో చూడబోమనుకున్నాము. దక్షిణ ఆక్లండ్‌లో మౌరీ పిల్లలకూ, పసిఫిక్ దీవుల పిల్లలకూ వస్తోంది. చలి ఇళ్ళు, ఒక్కొక్క గదిలో నలుగురైదుగురు. వచ్చిందంటే నెలనెలా పెన్సిలిన్ ఇంజెక్షను, ఏళ్ళ తరబడి. మన ఇళ్ళ వెనుక పారే వాగు ఓతార వాగులో కలిసి ఆ పిల్లల పేటల మీదుగానే తామాకీ పాయలోకి పోతుంది. ఈ సంగతి మా అమ్మాయికి చెప్పాము. ఎడ్లబండి కథ కూడా చెప్పాము, కథగానే. నువ్వు కూడా డాక్టరు కావాలని అనలేదు. అనకుండా ఉండడం మాలో ఒకరికి చాలా కష్టమైంది. ఎవరికో ఇక్కడ వ్రాయము.

చివరికి అమ్మాయి కాగితంలో కొండ మంగళగిరి, పడవ విమానం, నది ఓతార అని వ్రాసింది. నది దగ్గర తాతగారు ఊరుకోలేదు. "కృష్ణా గోదావరులుండగా ఆ పిల్లకాలువేమిటే?" అన్నారు. "కృష్ణలో నేనెప్పుడూ కాళ్ళు పెట్టలేదు తాతయ్యా" అన్నది. వచ్చే డిసెంబరు సెలవులకు ప్రకాశం బ్యారేజీ దగ్గర ఆ ముచ్చట తీరుస్తానని ఆయన పట్టుబట్టారు. టిక్కెట్లు కొన్నాము.

ఇతర పేటల్లోని మన పిల్లలు ఏ కొండ, ఏ నది చెప్పారో తల్లిదండ్రులు సంపాదకులకు వ్రాసి పంపవలసిందిగా మనవి. పిల్లల చేతివ్రాతలోనే పంపితే మరీ సంతోషం.