పరుపుల గిడ్డంగి

కొలంబస్‌లో ఉండే మాకు పిట్స్‌బర్గ్ అంటే పెన్‌హిల్స్ కొండమీది వెంకటేశ్వరుడే. మూడు గంటల డ్రైవ్, దర్శనం, పులిహోర, మళ్ళీ ఇంటిదారి. పోయిన వేసవిలో మాత్రం, ఆర్టే చదువుతానని పట్టుబట్టిన మా అమ్మాయి కారును నార్త్‌సైడ్‌లోని మ్యాట్రెస్ ఫ్యాక్టరీకి మళ్ళించింది.

ఒకప్పుడది నిజంగానే పరుపుల గిడ్డంగి. శిల్పి బార్బరా లుడెరోవ్‌స్కీ ఆ పాత భవనం కొని, 1977లో లాభాపేక్ష లేని కళాకేంద్రంగా మొదలుపెట్టారు. కళాకారులను పిలిచి, ఉండడానికి చోటిచ్చి, గదికి గదే అప్పగించేవారు. క్రమంగా చుట్టుపక్కల ఇళ్ళూ కలిశాయి. ఆవిడ 2018లో పోయారు. కేంద్రం నడుస్తూనే ఉంది.

"ఇందులో ఉద్యోగాలుంటాయా?" అన్నాను.

అమ్మాయి మాట్లాడకుండా నన్ను జేమ్స్ టరెల్ 1983లో చేసిన 'ప్లియడీస్' గదిలో కూర్చోబెట్టింది. కటిక చీకటి. పది నిమిషాలైనా ఏమీ లేదు. నాలోని కన్సల్టెంటు గంటకింతని లెక్కలు కడుతున్నాడు. లేవబోయాను.

"ఇంకాసేపు, నాన్నా."

అప్పుడు కనిపించింది, ఎదురుగా బూడిదరంగు మసక వెలుగు. కొత్తగా వచ్చింది కాదు, మొదట్నుంచీ ఉన్నదే. నా కళ్ళకే టైం పట్టింది.

ఇరవై ఏళ్ళుగా ఎవరేం మొదలుపెట్టినా "ఎప్పటికి పూర్తవుతుంది?" అని అడగడమే నా ఉద్యోగం. ఇంట్లోనూ అదే అడుగుతున్నానని ఆ చీకట్లో తెలిసింది.

తిరుగు ప్రయాణంలో ఒక్కటే అడిగాను, ఆర్ట్ కాలేజీకి అప్లికేషన్ ఫీజు ఎంతని.