రెక్కల పొత్తు ఎగిరిన ఊరు

ముళ్ళతీగకి ఓ సొంతూరు ఉంటుందని మీరెప్పుడైనా అనుకున్నారా? ఉందండీ! ఆ ఊరి పేరు డీకాల్బ్. అమెరికాలో, ఇల్లినాయ్ రాష్ట్రంలో, చికాగోకి పడమరగా వంద కిలోమీటర్ల దూరం. జనాభా 40 వేలు. కొండ లేదు, కోట లేదు, జలపాతం లేదు. ఎటు చూసినా మొక్కజొన్న, సోయా. ఊరి నడిబొడ్డున రైలుపట్టాలు. ఆ పక్కనుంచి పోయే కిష్‌వాకీ అనే ఏటిని చూస్తే మన వాళ్ళు కాలవ అంటారు. "అక్కడ చూడ్డానికేముందీ?" అన్నారు చికాగోలో మా వాళ్ళు. ఆ మాట అన్న ప్రతి ఒక్కరినీ కారెక్కించి తీసుకెళ్ళి చూపించాలని ఉంది నాకిప్పుడు.

డీకాల్బ్ అనగానే మొక్కజొన్న వేసే రైతులకి విత్తనాల సంచీ గుర్తొచ్చి ఉంటుంది. అవును, అదే! పచ్చటి ఆకుల మధ్య పసుపు పొత్తు, దానికి రెండు రెక్కలు. మన విత్తనాల కొట్లలో కనిపించే ఆ బొమ్మ ఇక్కడిదే. అంటే, మన చేల చుట్టూ కట్టుకునే కంచె, ఆ కంచె లోపల నాటే విత్తనం, రెండిటి మూలాలూ ఈ ఒక్క ఊళ్ళోనే తేలుతున్నాయి. ఈ సంగతి తెలిశాక ఆ ఊళ్ళో తిరుగుతుంటే కాళ్ళు నేలమీద ఆనితే ఒట్టు.

ముందు కంచె కథ చెప్తాను. ఇక్కడి నేల ఒకప్పుడు ప్రెయిరీ, అంటే మనిషెత్తు గడ్డి పెరిగే మైదానం. నేల చూస్తే బంగారం, కానీ కంచె వేద్దామంటే కర్ర దొరకదు, రాయి దొరకదు. ముళ్ళచెట్లు వరసగా నాటి పెంచితే అవి ఎదగడానికి ఏళ్ళు పట్టేది. ఉత్త తీగ కడితే పశువులు ఒళ్ళు రుద్దుకుని, తోసుకుని వెళ్ళిపోయేవి. పంట వేసినవాడికీ పశువులు మేపేవాడికీ రోజూ తగువే. ఇది మనకి కొత్త కథేం కాదు కదా!

1873లో డీకాల్బ్‌లో జరిగిన కౌంటీ సంతలో హెన్రీ రోజ్ అనే రైతు ఓ చెక్కపట్టీకి మేకుల్లాంటి ముళ్ళు బిగించి, దాన్ని తీగకి వేలాడదీసి ప్రదర్శనకి పెట్టాడు. దాన్ని ముగ్గురు చూశారు. జోసెఫ్ గ్లిడెన్ రైతు. ఐజాక్ ఎల్‌వుడ్‌ది ఇనప సామాన్ల కొట్టు. జేకబ్ హైష్ కలప వ్యాపారి, జర్మనీనుంచి చిన్నప్పుడే వచ్చినవాడు. ముగ్గురికీ ఒకటే అనిపించింది: ఈ చెక్క ఎందుకు, ముల్లు తీగకే ఉంటే పోదా?

గ్లిడెన్‌కి అప్పటికి అరవై ఏళ్ళు. మనవలతో ఆడుకుంటూ కూర్చోవలసిన వయసు. ఆయన ఇంట్లో కాఫీ గింజలు విసిరే మరని కొంచెం మార్చి, తీగముక్కల్ని దాంతో మెలిపెట్టి ముళ్ళు తయారుచేశాడట. అసలు చిక్కు ముల్లు చెయ్యడంలో లేదు, ముల్లు తీగమీద జారిపోకుండా ఆపడంలో ఉంది. దానికి ఆయన చేసిన ఉపాయం చూస్తే నవ్వొస్తుంది, అంత సులువు. ఒక తీగకి ముళ్ళు చుట్టి, దాని పక్కన ఇంకో తీగ పెట్టి రెండిటినీ కలిపి పేనేశాడు. అంతే. ముల్లు కదల్దు. మన పొలంగట్టుమీద ఈ రోజుకీ ఉన్న తీగని దగ్గరికెళ్ళి చూడండి, జడలా పేనిన రెండు తీగలు, వాటి మధ్య చిక్కుకున్న ముల్లు. నూటయాభై ఏళ్ళుగా ఆ పద్ధతిని మించింది రాలేదు. 1874 నవంబరు 24న పేటెంటు వచ్చింది.

ఇక వ్యాపారం చూడండి! ఎల్‌వుడ్ కూడా ఓ రకం ముళ్ళతీగ మీద పనిచేస్తున్నాడు. గ్లిడెన్‌ది చూశాక, తనకంటే అదే మెరుగని తెలిసి, అందులో సగం వాటా 265 డాలర్లకి కొనేశాడు. రెండేళ్ళు తిరక్కముందే, 1876లో, గ్లిడెన్ మిగతా సగాన్ని మసాచుసెట్స్‌లోని ఓ పెద్ద తీగల కంపెనీకి 60 వేల డాలర్లకి, పైగా అమ్మిన ప్రతి బరువుమీదా కొంత రాబడికి ఇచ్చేశాడు. 1874లో తయారైన ముళ్ళతీగ 10 వేల పౌండ్లు. 1880 నాటికి అది 8 కోట్ల పౌండ్లు దాటింది! టెక్సాస్ మైదానాల్లో ఇష్టారాజ్యంగా పశువుల్ని తోలుకుపోయే కాలం ఈ తీగతో ముగిసింది. కౌబాయ్ సినిమాల్లో కంచెలు తెంపే గొడవలుంటాయే, ఆ గొడవలకి మూలం ఈ కాఫీమరే.

మూడోవాడు హైష్ ఊరుకున్నాడా? ఎస్ అక్షరం ఆకారంలో ముల్లు చేసి తనూ పేటెంటు తెచ్చుకున్నాడు, కోర్టుకెక్కాడు, ముళ్ళతీగ కనిపెట్టింది నేనేనని చివరిదాకా చాటింపు వేసుకున్నాడు. 1892లో అమెరికా సుప్రీంకోర్టు గ్లిడెన్ పక్షాన తీర్పిచ్చింది. అప్పటికి పేటెంటు గడువే తీరిపోయింది! ఈ వ్యాజ్యాలన్నీ ఒకే ఊళ్ళో, రోజూ ఎదురుపడే మనుషుల మధ్య. నాకు మాత్రం ముగ్గురిలో హైష్ మీదే మనసు పోయింది. ఓడినవాడు కాబట్టి కాదు. 1926లో పోతూ పోతూ ఊరికి గ్రంథాలయం కట్టమని డబ్బు రాసిపెట్టాడు. 1931లో కట్టిన ఆ తెల్లరాతి భవనం ఈ రోజుకీ ఊరి గ్రంథాలయమే. లోపల పిల్లలు బొమ్మల పుస్తకాలు తిరగేస్తున్నారు, ముసలాయన ఒకరు పేపరు ముందేసుకుని కునుకు తీస్తున్నారు. ఎల్‌వుడ్ 1879లో కట్టించుకున్న మేడ ఇప్పుడు మ్యూజియం. గ్లిడెన్ ఇల్లు, ఇటుకల కొట్టం లింకన్ హైవే పక్కనే ఉన్నాయి. హైష్ మేడ మాత్రం లేదు, కూల్చేశారు. ఇల్లు పోయినా పుస్తకాలు మిగిలాయి.

కోర్టులో కొట్టుకున్న ఈ ముగ్గురూ ఊరికి కాలేజీ తేవడానికి మాత్రం ఒక్కటయ్యారు. గ్లిడెన్ స్థలమిచ్చాడు. 1895లో మంజూరై, 1899లో టీచర్ల శిక్షణ కాలేజీగా తలుపులు తెరిచిన ఆ బడే నేటి నార్దరన్ ఇల్లినాయ్ యూనివర్సిటీ. దాని పాత భవనం ఆల్ట్‌గెల్డ్ హాల్, బురుజులతో అచ్చం రాజుల కోటలా ఉంటుంది. (కోట లేదని మొదట్లో రాశాను కదా, ఇది లెక్కలోకి రాదు, ఇందులో రాజులెవరూ ఉండలేదు.) ఆ ఆవరణలో నడుస్తుంటే వెనకనుంచి "ఒరేయ్, అసైన్‌మెంట్ సబ్మిట్ చేశావా?" అని వినబడింది! ఎమ్మెస్ చదవడానికొచ్చిన మన పిల్లలు. చలికాలంలో మైనస్ ఇరవైకి దిగుతుందని, ఈ మైదానంలో గాలికి అడ్డమే లేదని చెప్పారు. రెక్కల పొత్తు సంగతి అడిగాను. ఒకబ్బాయి, "మా నాన్న వేసేది అదే విత్తనం అంకుల్, అది ఈ ఊరిదని నాకిక్కడికొచ్చాకే తెలిసింది" అన్నాడు.

ఆ విత్తనం కథ కంచె కథంత రచ్చ కాదు, ఓపిక కథ. 1912 నాటికి ఇక్కడి భూములు సారం తగ్గి పులిసిపోతున్నాయి. రైతులు, బ్యాంకులవాళ్ళు, పత్రికలవాళ్ళు కలిసి ఓ సంఘం పెట్టుకుని, విలియం ఎకార్ట్ అనే ఆయన్ని వ్యవసాయ సలహాదారుగా జీతమిచ్చి పెట్టుకున్నారు. సున్నపురాయి పొడి చల్లండి, క్లోవర్ అనే పచ్చిరొట్ట మొక్క వేసి నేలని బాగుచేసుకోండి అన్నాడాయన. మంచి క్లోవర్ విత్తనం బజార్లో దొరక్కపోతే, 1917లో తామే తెప్పించుకోవడానికి ఇంకో సంఘం పెట్టారు. అదే డీకాల్బ్ అగ్రికల్చరల్ అసోసియేషన్. అలా మొదలైన రైతుల సంఘం టామ్ రాబర్ట్స్, చార్లీ గన్ అనే ఇద్దరి పట్టుదలతో సంకర మొక్కజొన్న వైపు తిరిగింది. 1930ల నడిమధ్య కరువులు ముంచుకొచ్చినప్పుడు మామూలు రకాలు పడిపోతే సంకర రకాలు నిలబడ్డాయి. ఇక రైతులు వెనక్కి చూడలేదు. 1936లో పొత్తుకి రెక్కలు తొడిగారు. పంట రెక్కలు కట్టుకుని తాకట్టులో ఉన్న పొలాన్ని పైకెత్తుతుందని ఆ బొమ్మ భావం. అప్పులతో మునిగిన కాలంలో ఎంత ధైర్యమైన బొమ్మ!

అంతకుముందు అమెరికాలో మొక్కజొన్న సగటున ఎకరానికి ఆరేడు క్వింటాళ్ళు. ఇప్పుడు నలభై పైమాటే. అందులో ఎరువుదీ యంత్రాలదీ వాటా ఉంది, అంతా విత్తనం గొప్పే అనను. ఏటా విత్తనం కొనుక్కోవలసిన అలవాటు కూడా ఈ దారిలోనే వచ్చింది. సంకర పంటలోంచి విత్తనం తీసి మళ్ళీ వేస్తే దిగుబడి పడిపోతుందని మన రైతులకి ఒకరు చెప్పక్కర్లేదు. రైతులు పెట్టుకున్న ఆ సంస్థ 1998లో మోన్‌శాంటో చేతికి, 2018లో దాంతోపాటే బేయర్ చేతికి వెళ్ళిపోయింది. ఊరి పేరు మిగిలింది, యాజమాన్యం ఎక్కడికో పోయింది.

సంకర విత్తనం చెయ్యాలంటే ఆడ వరసల్లో మొక్క తలమీద వచ్చే జల్లుని విచ్చకముందే పీకెయ్యాలి, మగ వరసల పుప్పొడి మాత్రమే వాటి పీచుమీద పడాలి. గోదావరి జిల్లాల్లో విత్తన మొక్కజొన్న వేసేవాళ్ళకి ఈ పని కొట్టిన పిండి. డీకాల్బ్‌లో ఎన్నో తరాల బడిపిల్లలకి ఇది వేసవి సెలవుల్లో చేతిఖర్చుల పని. తెల్లారగట్టే మంచుకి తడిసిన ఆకులు చేతులు కోస్తుంటే, వరస వెంబడి జల్లులు పీక్కుంటూ పోవడం. అలా పీకిన పిల్లల్లో ఒకమ్మాయి ప్రపంచ ప్రసిద్ధ మోడల్ సిండీ క్రాఫర్డ్. 1984లో ఇక్కడి హైస్కూల్లో క్లాసు ఫస్టు కూడా ఆవిడే. ఆ హైస్కూలు జట్ల పేరేమిటో తెలుసా? "బార్బ్స్". ముళ్ళు!

నేను వెళ్ళింది ఆగస్టులో. ఓ చేను అంచున దిగి నిలబడ్డాను. మొక్కలు నా తలకంటే రెండు మూరలు ఎత్తు, ఎకరానికి 30 వేలకి పైగా, లోపలికి చెయ్యి పెడితే వెలుతురే లేదు. నేల కారునలుపు. మన రేగడిలా నెర్రెలు విచ్చలేదు, గుప్పిట పడితే మెత్తగా పొడి రాలింది. వేల ఏళ్ళ గడ్డివేళ్ళు చివికి ఇచ్చిన నలుపు అది. ఈ చేల కింద గొట్టాలు పరిచి ఉంటాయి, నీళ్ళు పెట్టడానికి కాదు, ఎక్కువైన నీళ్ళు తీసెయ్యడానికి! బోరు ఎండిపోవడం చూసినవాడికి ఆ మాట వింటే కళ్ళు తిరుగుతాయి.

ఈ నల్లనేల ఎవరిదన్నది కూడా చెప్పాలి. ఇది పొటావాటమీ అనే ఆదివాసీ తెగవాళ్ళ దేశం. వాళ్ళ నాయకుడు షబ్బోనాకి 1829 ఒప్పందంలో 1,280 ఎకరాలు రాసిచ్చారు. 1832లో ఇక్కడి ఆదివాసులకీ తెల్లవాళ్ళకీ జరిగిన యుద్ధంలో తెల్లవాళ్ళకి ముందే కబురందించి ప్రాణాలు కాపాడినవాడాయన. 1849లో ఆయన కాన్సస్‌లో తనవాళ్ళని చూడ్డానికి వెళ్తే, వదిలేసి పోయాడని చెప్పి ఆ భూమిని వేలం వేసేశారు. 2024లో ఇదే కౌంటీలో 130 ఎకరాలు ప్రెయిరీ బ్యాండ్ అనే పొటావాటమీ శాఖ రిజర్వేషన్‌గా, అంటే ఆ తెగ భూమిగా, గుర్తింపు పొందాయి. కంచె పుట్టిన చోట కంచె బయట మిగిలినవాళ్ళు 175 ఏళ్ళు ఆగాల్సి వచ్చింది.

ఊరి మధ్యకొస్తే మరో వింత. 1929 నాటి ఈజిప్షియన్ థియేటర్, ముఖద్వారానికి అటూ ఇటూ ఫారో రాజుల భారీ బొమ్మలు. టుటంఖామెన్ సమాధి బయటపడ్డాక పట్టిన ఈజిప్టు పిచ్చి మొక్కజొన్న చేలదాకా వచ్చిందన్నమాట. దాని ముందు నిలబడి ఫోటో దిగుతుంటే గేటు పడింది. గూడ్సు బండి. పెట్టెలమీద పెట్టెలు, అయిపోదే! కార్లు వరసకట్టాయి, ఒక్కరూ హారన్ కొట్టలేదు. ముందున్న పికప్పులో పెద్దాయన ఇంజను ఆపేసి, కిటికీలోంచి నావైపు చూసి, "ఇక్కడ అందరికీ ఆలస్యానికి కారణం రెడీగా ఉంటుంది" అని నవ్వారు. ప్రయాణికుల రైలు మాత్రం ఇక్కడ ఆగదు.

ఊరి దక్షిణాన ఇప్పుడు మెటా కంపెనీ డేటా సెంటర్ కూడా ఉంది, కిటికీల్లేని పెద్ద పెద్ద షెడ్లు. చేల మధ్య అదొక కొత్త పంట. దానికీ కంచె ఉంది లెండి.

చికాగోలో మీవాళ్ళుంటే, ఈసారి ఆకాశహర్మ్యాలు చూడ్డం అయ్యాక ఒక పూట ఇటు రండి. ఆగస్టు చివర్లో అయితే మరీ మంచిది, కార్న్ ఫెస్ట్ జరుగుతుంది, ఉడికించిన తీపి మొక్కజొన్న పొత్తులు ఉచితంగా పంచుతారు. రైలు దిగి పోదామనుకోకండి, ఎల్‌బర్న్ దగ్గరే ఆగిపోతుంది. కారు మాట్లాడుకోండి. గ్లిడెన్ ఇల్లు రోజూ తెరవరు, ముందే కనుక్కుని వెళ్ళండి.