మా మేనల్లుడి గుర్రం

పాతకారు మీద మనసుపడ్డ కుర్రవాడికి బుద్ధి చెప్పబోవడం, ప్రేమలో పడ్డవాడికి జాతకాలు కుదరలేదని చెప్పబోవడం లాంటిది. ఈ సంగతి తెలిసే మా అక్కయ్య ఆ పని నా నెత్తిన పెట్టింది. "కాలేజీలో అంతమందికి పాఠాలు చెపుతావు గదరా, నీ మాటయితే వింటాడు. ఆ డొక్కుకారు అమ్మిపారేసి, బుద్ధిగా ఓ చిన్నకారు కొనుక్కోమని చెప్పు" అంది.

మా మేనల్లుడు అమెరికాలో ఒహాయో రాష్ట్రం, కొలంబస్ నగరంలో వుద్యోగం చేస్తున్నాడు. ఆ డొక్కుకారు ఫోర్డు కంపెనీవారి మస్టాంగ్, 1990 నాటిది. మస్టాంగ్ అంటే ఆ దేశపు బీళ్లలో తిరిగే అడవిగుర్రం. అబ్బాయి దీనిమీదే రోజూ ఆఫీసుకు ఇరవై ఎనిమిది మైళ్లు పోతాడు, ఇరవై ఎనిమిది మైళ్లు వస్తాడు. వాడికి వేరే బండి లేదు. ఈ మధ్య దాని పికప్ తగ్గిందిట, నిలబెట్టి వుంచితే వొణుకుతోందిట. అంచేత ఇంజనుకు కొత్త జవసత్వాలు కల్పించాలని వాడి సంకల్పం. కూడబెట్టినది మూడువేల డాలర్లు. ఇక్కడ మాఘమాసంలో మా బావగారి షష్టిపూర్తి. ఇంజను సొమ్మూ, విమానం టిక్కెట్టు సొమ్మూ ఒకే సంచిలో వున్నాయన్నమాట. మా అక్కయ్య బెంగ కారును గురించి కాదని మీరు గ్రహించే వుంటారు.

ఈ జాతి కార్ల పుట్టుక చిత్రమైనది. 1964లో పోంటియాక్ కంపెనీవారు టెంపెస్ట్ అనే మామూలు కారులో 389 ఘనపుటంగుళాల పెద్ద ఇంజను కూర్చి జీటీఓ అని పేరుపెట్టారు. పెద్దకారుకు తగిన గుండెను నడితరం కారుకు అమర్చి, కుర్రకారు కొనగలిగే ధరకు అమ్మడం దీనిలోని కిటుకు. అదే ఏడాది ఏప్రిల్లో మస్టాంగ్ వచ్చింది. ఓ పదేళ్లు వీటిదే రాజ్యం. తరవాత పొగ మీద ఆంక్షలూ, భీమా రుసుములూ, 1973లో అరబ్బు దేశాలు చమురు బిగబట్టడమూ అన్నీ కలిసి వీటి పొగరు అణిచాయి. 1974 మస్టాంగ్‌లో ఎనిమిది సిలిండర్ల ఇంజనే లేదు! మళ్లీ మెల్లిగా కోలుకుని, 1982లో 157 గుర్రాల బలం, 1987లో 225 గుర్రాల బలం సంపాదించింది. మావాడిది ఆ 225 తరానిది. ఇంజను 302 ఘనపుటంగుళాలు. దాన్ని అయిదు లీటర్లని అంటారు గాని, లెక్కవేస్తే అయిదుకు కాస్త తక్కువే వస్తుంది. మనం ఇన్నేళ్లు ఊరేగిన అంబాసిడర్ కారు ఇంజను ఒకటిన్నర లీటర్లు. ఇల్లంతా ఎక్కి, పైన పరుపుచుట్టలు కట్టినా అదే మనల్ని అన్నవరం కొండ ఎక్కించింది. ఆ మాట మావాడితో అంటే నవ్వాడు.

"నీ పట్టిక పంపరా, చూస్తాను" అన్నాను.

పంపాడు. ప్రబంధానికి అష్టాదశ వర్ణనలు వుండాలంటారు గదా, మావాడి పట్టికలో అంతకు ఒకటి రెండు ఎక్కువే వున్నాయి. అల్యూమినియం హెడ్లు, కొత్త కామ్‌షాఫ్టు, గాలిని బలవంతంగా ఇంజనులోకి కూరే సూపర్‌చార్జరు, వెనక ఇరుసుకు కొత్త పళ్లచక్రాలు. ఆరువేల డాలర్లు దాటింది. అదీ వాడే సొంతంగా బిగించుకుంటే!

నాకు యంత్రశాస్త్రం రాదు. కాని పరీక్ష పేపర్లు దిద్దిన అలవాటు వుంది. పైమాటకూ కిందిమాటకూ పొంతన వున్నదా లేదా అని చూడడం నాకు చేతనవును. ప్రతి ఆదివారం పొద్దున్న, అనగా వాడికి శనివారం రాత్రి, ఫోనులో ఒక్కొక్క పద్దు మీదా ప్రశ్నలు వేశాను. ఇంజను బలం పెరిగితే ఆ బలం ఎక్కడికి పోతుంది? క్లచ్చికి, గేరుపెట్టెకి, ఇరుసుకి. ఈ కారు గేరుపెట్టె పుట్టుకతోనే తన తాహతు అంచున పనిచేస్తోందిట. సూపర్‌చార్జరు పెట్టి అయిదువందల గుర్రాల దాకా పోతే ఇంజను దిమ్మే నిలువునా చీలుతుందని వాడే ఒప్పుకున్నాడు. మరి ఆపడమో? ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు, వెనక చక్రాలకు డ్రమ్ములు. సోమవారం ఆఫీసుకు పోవలసిన బండికి ఈ వైభవం దేనికి? సూపర్‌చార్జరు ఆ పూటే పోయింది.

పళ్లచక్రాల దగ్గర మాత్రం బాగా వాదించాడు. ఇప్పుడున్నది 2.73 నిష్పత్తి. దాన్ని 3.55 చేస్తే కారు నిలుచున్నచోటు నుంచి ఉరుకుతుంది, ఖర్చూ తక్కువే, నిజమే. లెక్కవేయమన్నాను. హైవేమీద అయిదో గేరులో, గంటకు 70 మైళ్ల వేగంలో ఇప్పుడు ఇంజను నిమిషానికి సుమారు 1,700 చుట్లు తిరుగుతోంది. మార్చితే 2,200. రోజూ యాభై ఆరు మైళ్లు, ఎక్కువభాగం హైవే. "ఉరకడం నీకు రోజులో ఎన్నిసార్లు కావాలిరా?" అని అడిగాను. "రెండుసార్లు మామయ్యా, అదీ సిగ్నలు దగ్గర" అన్నాడు. ఆ పద్దూ కొట్టేశాడు.

అప్పటికి మా ఇద్దరికీ తట్టిన సంగతి, అసలు రోగి నాడి ఇంతవరకు ఎవరూ చూడలేదని. మన మెకానిక్కులయితే ముందు "ఇంజను బోరుకొచ్చిందా, వాల్వులు పోయాయా" అంటారు. ఆ రెంటికీ భేదం కొన్నివేల రూపాయలు. అక్కడా అంతే. రింగులూ సిలిండర్లూ అరిగిపోయి వుంటే పైన ఎన్ని అలంకారాలు చేసినా శవానికి చేసినట్టే. ఇంజను మొత్తం దింపాలి, బోరు చేయించాలి. మూడువేలు దానికే చాలవు. టిక్కెట్టు మాట మరిచిపోవలసిందే.

పరీక్ష చేసే సాధనం ఒక మీటరు. స్నేహితుడి దగ్గర అరువు తెచ్చుకున్నాడు. ఇంజను వేడిగా వుండగా ప్లగ్గులన్నీ తీసి, ఒక్కొక్క రంధ్రంలో మీటరు బిగించి, యాక్సిలరేటరు పూర్తిగా తొక్కిపట్టి సెల్ఫు కొట్టాలి. పిస్టను గాలిని ఎంత గట్టిగా అదుముతోందో ముల్లు చెపుతుంది. ఆ రాత్రి వాడు ఒక్కొక్క అంకె చదువుతూంటే నేనిక్కడ కాఫీ చల్లారబెట్టుకుని రాసుకున్నాను. 148, 145, 150, 142, 146. ఆరోది 95. ఏడూ ఎనిమిదీ మళ్లీ బాగానే వున్నాయి.

ఆరోది రింగా, వాల్వా? దీనికో చిట్కా వుంది. ఆ సిలిండరులో ఒక చెంచాడు ఇంజనాయిలు పోసి మళ్లీ చూడాలి. నూనె రింగుల సందు కాసేపు మూస్తుంది గనక, తప్పు రింగులదయితే అంకె అమాంతం లేస్తుంది. వాల్వులదయితే నూనె వల్ల పెద్ద తేడా వుండదు. మావాడు నూనె పోశాడు. రెండు నిమిషాలు మాట లేదు. నేను కూడా ఊపిరి బిగబట్టానంటే నవ్వకండి.

"మామయ్యా, నూరు" అన్నాడు.

తొంభయ్యయిదు నుంచి నూరు. వాల్వే! అంటే హెడ్డు దింపక తప్పదు గాని, కింది ఇంజను క్షేమం. దింపక తప్పనప్పుడు మంచి హెడ్డు ఎక్కించుకోవడంలో విలాసం ఏముంది? ఇక్కడ నేను వాడి పక్షానికి ఫిరాయించానని మా అక్కయ్య ఈనాటికీ అంటుంది.

ఉన్న హెడ్లే బాగుచేయిద్దామంటే అవి పనిషాపులో రెండు మూడు వారాలు కూర్చుంటాయి. అన్నాళ్లూ ఆఫీసుకు పోయేదెట్లా? వేరే హెడ్లు సంపాదించి, వాటికి వాల్వులు రుబ్బించి సిద్ధం చేసుకుంటే, అప్పటిదాకా పాతవాటితోనే బండి నడుస్తూంటుంది. శుక్రవారం రాత్రి విప్పి ఆదివారానికి బిగించుకోవచ్చు. ఈ ఉపాయం మావాడిదే.

ఆ వేరే హెడ్లు ఎక్కడివంటే ఫోర్డువారిదే ఎక్స్‌ప్లోరర్ అనే పెద్దబండివి. దానిలోనూ 1996 నుంచి 2001 దాకా ఇదే 302 ఇంజను వచ్చింది. హెడ్లు మాత్రం గాలి ధారాళంగా ఆడే మేలురకం. కంపెనీవారే 1993లో మస్టాంగ్ కోబ్రాకు ఈ కోవ హెడ్లే పెట్టి 235 గుర్రాల బలమని రాసుకున్నారు. పైగా 1990 కారు కంప్యూటరు లోపలికి వచ్చే గాలిని కొలిచి పెట్రోలు పోసే రకం గనక ఈమాత్రం మార్పు తనంతట సర్దుకుంటుంది.

అక్కడి తుక్కుబండ్ల దొడ్లు మన బెజవాడ ఆటోనగర్ వంటివి కావు. బేరమాడడానికి మనిషే వుండడు. గుమ్మం దగ్గర రుసుము కట్టి, మన పానాలు మనమే పట్టుకుపోయి, కావలసినది మనమే విప్పుకోవాలి. మొదటి వారం దొరికిన హెడ్డు చివర నాలుగు గీతలు పోతపోసి వున్నాయి. అది తరవాతి రకం. ప్లగ్గులు వేరే కోణంలో వుండి ఎగ్జాస్టు గొట్టాలకు అడ్డం పడతాయిట. వొదిలేశాడు. మూడో వారం, చలిలో, 1996 నాటి బండి దొరికింది. మూడు గీతలు. ఫొటో తీసి పంపాడు. మనవడి ఫొటో చూసినట్టు చూశాను.

హెడ్ల జత 130, గాలి మానిఫోల్డు 90, పనిషాపులో శుభ్రం చేసి, బీటలు చూసి, వాల్వులు రుబ్బినందుకు 380. ఎక్స్‌ప్లోరర్ స్ప్రింగులు మస్టాంగ్ కామ్‌షాఫ్టుకు చాలవు గనక కొత్తవి 110. గాస్కెట్లు 140, హెడ్డు బోల్టులు 45, ప్లగ్గులూ ఆయిలూ కూలెంటూ 95. వెరసి 990 డాలర్లు. వెనక బ్రేకులకు 120 నేను పట్టుబట్టి చేర్పించినది. అక్కడ చలికాలం రోడ్లమీద ఉప్పు చల్లుతారు గదా, అడుగు రేకులు కూడా సుత్తితో తట్టి చూడమన్నాను. గట్టిగానే వున్నాయిట. విరిగే బోల్టుల కోసం 200 పక్కన పెట్టించాను. పాతబండిలో ఏదో ఒక బోల్టు విరక్కమానదు. మొత్తం 1,310.

మిగిలిన దానిలో 1,420 పెట్టి టిక్కెట్టు తీశాడు. మా అక్కయ్యకు ఈ కబురు చెప్పి, పనిలో పనిగా హెడ్ల సంగతీ వివరించాను. అంతా విని, "అయితే కారు అమ్మలేదన్నమాట" అంది. కాసేపాగి, "వాడిక్కడున్న మూడు వారాలూ దాన్ని ఎక్కడ పెడతాడుట? మంచు కురుస్తుంది గదా!" అని అడిగింది.